నేపియర్ గడ్డిని ఏ వయసులో కోయాలి: గ్యాసుకు ఒక లెక్క, బాయిలరుకు మరో లెక్క

పశువుల కోసం హైబ్రిడ్ నేపియర్ వేసిన రైతుకు కోత విషయంలో పెద్దగా సందేహం ఉండదు. నాటిన 75–80 రోజులకు మొదటి కోత, ఆ తరువాత 40–45 రోజులకొక కోత అన్నది నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాడి రైతులకు అలవాటైన పద్ధతే. అదే గడ్డిని బయోగ్యాస్ తీసే గ్యాసు ప్లాంటుకో, పెల్లెట్లు (మండించడానికి అదిమి చేసే గుళికలు) చేసే యూనిట్‌కో, బాయిలరుకో అమ్మదలచినప్పుడు ఈ లెక్కనే పట్టుకుంటే నష్టం వస్తుంది. పశువుకు కావలసింది మాంసకృత్తులున్న మెత్తని మేత. గ్యాసు ప్లాంటులోని సూక్ష్మజీవులకు కావలసింది సులువుగా కుళ్ళే పీచు. బాయిలరుకు కావలసింది నీరు, బూడిద తక్కువగా ఉండి కట్టెలా మండే కాండం. ఒకే మొక్క ఈ మూడు అవసరాలనూ తీర్చగలదు గానీ, ఒకే వయసులో మూడింటినీ తీర్చలేదు. అందువల్ల కాడ ముక్కలు భూమిలో పెట్టకముందే కొనేవారెవరో, వారు గడ్డిని ఏం చేస్తారో తేల్చుకొని, కోత వయసును దాన్నిబట్టి నిర్ణయించుకోవాలి.

వయసు పెరిగేకొద్దీ గడ్డిలో జరిగేది

నెలన్నర వయసున్న నేపియర్‌లో ఆకు ఎక్కువగా, కాండం తక్కువగా ఉంటుంది. నూరు కిలోల పచ్చిగడ్డి కోస్తే అందులో 80 నుంచి 85 కిలోలు నీరే. రోజులు గడిచేకొద్దీ కణుపుల మధ్య దూరం సాగి కాండం పైకి లేస్తుంది, కింది ఆకులు ఎండిపోతాయి, మొత్తం బరువులో ఆకు వాటా పడిపోతుంది. మూడు నెలలకు పొడి పదార్థం, అంటే నీరంతా పోగా మిగిలే బరువు, పాతిక శాతం దరిదాపులకు, ఐదారు నెలలకు 30 శాతానికి అటూ ఇటూగా చేరుతుంది. నీటి వసతి, నేల, రకాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారినా మార్పు సాగే దిశ మాత్రం మారదు.

నీరు తగ్గడం కంటికి కనిపించే మార్పు. కంటికి కనిపించనివి ఇంకా రెండున్నాయి. మొదటిది లిగ్నిన్. మొక్కను నిటారుగా నిలబెట్టే ఈ పదార్థం వయసుతో పాటు కాండంలో పేరుకుంటూ, సెల్యులోజ్ (సూక్ష్మజీవులకు ఆహారమయ్యే పీచు) పోగుల చుట్టూ తొడుగులా అల్లుకుంటుంది. గాలి సోకని డైజెస్టర్‌లో (గడ్డిని కుళ్ళబెట్టే తొట్టిలో) పనిచేసే సూక్ష్మజీవులు లిగ్నిన్‌ను దాదాపుగా జీర్ణించుకోలేవు. అంతకన్నా చెడ్డ సంగతి ఏమిటంటే, లోపలున్న సెల్యులోజ్‌ను కూడా అది వాటికి అందనివ్వదు. రెండవది నత్రజని. లేత గడ్డి పొడి బరువులో మాంసకృత్తులు 10 శాతం వరకు ఉంటే ముదిరిన గడ్డిలో 5 శాతానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు పడిపోతాయి. పొటాష్, మొత్తం బూడిద కూడా అదే దారిలో తగ్గుతాయి, ఎందుకంటే వేళ్ళు తీసుకునే ఖనిజాలకంటే మొక్క కట్టుకునే కాండం వేగంగా పెరుగుతుంది. గ్యాసుకు ఈ మార్పులలో ఎక్కువ భాగం ప్రతికూలమైతే, మంటకు దాదాపు అన్నీ అనుకూలమే.

గ్యాసు కోసం కోసేవారికి

ప్రచురితమైన ప్రయోగాలలో, కిలో సేంద్రియ పదార్థానికి (పొడి పదార్థంలో బూడిద పోగా మిగిలేది) నేపియర్ ఇచ్చిన మీథేన్, అంటే బయోగ్యాస్‌లో మండే వాయువు, సుమారు 190 లీటర్ల నుంచి 340 లీటర్ల వరకు ఉంది. ఒకే గడ్డిలో ఇంత తేడా రావడానికి ప్రధాన కారణాలలో కోత వయసు ఒకటి. లేత గడ్డి పై అంచుకు, ముదురు కాండం కింది అంచుకు దగ్గరగా ఉంటాయి. దీన్ని చూసి వీలైనంత లేతగా కోయడమే మేలనుకోవడం సహజమే గానీ, అది సగం లెక్క మాత్రమే. అమ్మేది కిలో గడ్డి కాదు, ఎకరం పంట. మరీ లేతగా కోస్తే కిలోకు గ్యాసు ఎక్కువ వచ్చినా ఎకరానికి కిలోలే తక్కువ వస్తాయి.

లెక్క తీరు అర్థం కావడానికి కొన్ని ఊహాజనిత అంకెలు తీసుకుందాం. ఒక ఎకరంలో 45 రోజులకు 18 టన్నుల పచ్చిగడ్డి వచ్చి అందులో 17 శాతం పొడి పదార్థం ఉంటే, పొడి బరువు 3.06 టన్నులు, అంటే రోజుకు 68 కిలోలు. 60 రోజులకు 26 టన్నులు, 20 శాతం అయితే 5.2 టన్నులు, రోజుకు సుమారు 87 కిలోలు. 90 రోజులకు 33 టన్నులు, 25 శాతం అయితే 8.25 టన్నులు, రోజుకు సుమారు 92 కిలోలు. ఇక్కడిదాకా చూస్తే 90 రోజుల కోతే గెలిచినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు పొడి బరువులో 90 శాతాన్ని సేంద్రియ పదార్థంగా తీసుకొని, కిలోకు మీథేన్ వరుసగా 290, 270, 230 లీటర్లుగా గుణిస్తే, ఎకరం నుంచి రోజుకు వచ్చే మీథేన్ 45 రోజులకు సుమారు 17.7 ఘనపు మీటర్లు, 60 రోజులకు 21.1, 90 రోజులకు 19 అవుతుంది. గడ్డి బరువు ఇంకా పెరుగుతూనే ఉన్నా గ్యాసు మాత్రం వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే చోటే కోత వయసు. వర్షాకాలంలో, నీటికి లోటు లేని పొలంలో అది 55 నుంచి 70 రోజుల మధ్య పడుతుందని పెట్టుకొని మొదలుపెట్టి, తరువాత సొంత పొలం తూకాలతో సరిచేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఈ వయసును సమర్థించే మరో కారణం కర్బనం, నత్రజనుల నిష్పత్తి. డైజెస్టర్‌లో నత్రజని ఒక వంతు ఉంటే కర్బనం 20 నుంచి 30 వంతుల వరకు ఉండడం అనుకూలం. పొడి గడ్డిలో కర్బనం 45 శాతం దాకా ఉంటుంది. మాంసకృత్తులు 10 శాతమున్న గడ్డిలో నత్రజని 1.6 శాతం, అంటే నిష్పత్తి 28. మాంసకృత్తులు 5 శాతానికి దిగిన గడ్డిలో అది 56 అవుతుంది. అటువంటి ముదురు గడ్డిని ఒంటరిగా వేస్తే సూక్ష్మజీవులకు నత్రజని చాలదు. పెండతో గానీ, నత్రజని ఎక్కువగా ఉండే కోళ్ల ఎరువుతో గానీ కలిపి వేయాలి. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు చాలా ఉన్నాయి కాబట్టి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ప్లాంట్లకు ఇది పెద్ద కష్టం కాదు. కాకపోతే కోళ్ల ఎరువు మోతాదు మించితే అమ్మోనియా పెరిగి గ్యాసు ఉత్పత్తి దెబ్బతింటుంది.

ముదురు పీచు యంత్రాలనూ ఇబ్బంది పెడుతుంది. పొడవాటి పోగులు కలియబెట్టే రెక్కలకు చుట్టుకుంటాయి, పైన తేలి గట్టి తెట్టెగా కడతాయి. ఏదో కారణంతో కోత ఆలస్యమైతే చాఫ్ కట్టర్‌లో ముక్క పొడవును ఒకటి రెండు సెంటీమీటర్లకు తగ్గించాలి. దీనివల్ల కొంత మేలు జరుగుతుంది గానీ, లిగ్నిన్ తొడుగును కత్తి పూర్తిగా విప్పలేదు.

గడ్డిని పాతర వేసి నిలవ చేసేవారు ఇంకొక సంగతి గమనించాలి. రెండు నెలల గడ్డి నేరుగా పాతర వేయడానికి మరీ తడిగా ఉంటుంది. అడుగున రసం కారిపోవడమే కాక, పుల్లబడవలసిన గడ్డి కుళ్ళు వాసన పడుతుంది. వాన లేని రోజు చూసి కోసి, పొలంలోనే పరచి, పూట నుంచి ఒక రోజు వరకు వాడనిచ్చి, పొడి పదార్థం 28–30 శాతానికి చేరాక ముక్కలు చేసి, గాలి లేకుండా గట్టిగా తొక్కించి కప్పాలి. సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు మిగులు గడ్డిని ఇలా దాచుకున్న ప్లాంటుకే ఏప్రిల్, మే నెలలు సాఫీగా గడుస్తాయి.

మంట కోసం కోసేవారికి

ఇక్కడ లెక్కంతా నీటి చుట్టూ తిరుగుతుంది. బాగా ఎండిన కిలో నేపియర్‌లో సుమారు 4,000 కిలోక్యాలరీల వేడి ఉంటుంది, అందులో బాయిలరుకు నికరంగా దక్కేది 3,800 దాకా అనుకోవచ్చు. కిలో నీటిని ఆవిరి చేయడానికి 580 కిలోక్యాలరీలకు పైగా ఖర్చవుతుంది. 80 శాతం నీరున్న లేత గడ్డి కిలో తీసుకుంటే, అందులోని 200 గ్రాముల పొడి పదార్థం ఇచ్చే 760 కిలోక్యాలరీలలో 470 దాకా దాని నీటిని ఎగరగొట్టడానికే పోయి, మిగిలేది 300 లోపే. అదే గడ్డి నీరు 15 శాతానికి దిగేదాకా ఎండితే కిలోకు 3,100 పైన దక్కుతుంది. నీటిని ఎండ చేత ఉచితంగా తీయించడమా, డీజిలు, కరెంటు ఖర్చుపెట్టి తీయడమా అన్నదే అసలు ప్రశ్న. దక్షిణ తెలంగాణలో జనవరి నుంచి మే వరకు ఎండకు కొరత లేదు కనుక, కోతను ఆ కాలానికి జరపడమే తెలివైన పని.

మంట కోసం పెంచే గడ్డిని తొలకరి వానలతో చిగురించనిచ్చి, మధ్యలో ముట్టుకోకుండా, వానలు వెనుకబట్టాక నీటి తడులు ఆపి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో కోయడం మేలు. అప్పటికి వయసు ఆరు నెలలు దాటుతుంది. కింది ఆకులు ఎండి, కాండం పసుపు తిరిగి, నిలువుకాలి మీదనే కొంత నీరు పోతుంది. కోశాక అయిదారు రోజులు పొలంలోనే పరచి, ఒకటి రెండుసార్లు తిరగవేసి, తేమ 15 శాతానికి దిగాకనే కట్టలు కట్టాలి. తేమ 20 శాతం మించి ఉండగా పెద్ద వామి వేస్తే లోపల బూజు పట్టడమే కాక, వేడి పుట్టి నిప్పు రాజుకునే ప్రమాదం కూడా ఉంటుంది. వేసవిలో ఎండిన నేపియర్ నిలిచి ఉన్న పొలం చుట్టూ ఒక ట్రాక్టరు తిరిగేంత వెడల్పున ఖాళీ చేసి ఉంచడం తప్పనిసరి.

ముదురు కోతకు బూడిద వైపు నుంచి కూడా లాభముంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్లకు ఊక అలవాటు. ఊకలో బూడిద 20 శాతం దాకా ఉన్నా అందులో అత్యధిక భాగం సిలికా కావడంతో అది తేలికగా కరగదు. గడ్డిలో సిలికాతో పాటు పొటాష్ కూడా దండిగా ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు బూడిద తక్కువ వేడికే మెత్తబడి, జాలీల మీద గడ్డలు కట్టి, గొట్టాలకు అంటుకుంటుంది. దానికి తోడు గడ్డిలోని క్లోరిన్ ఇనుప గొట్టాలను తినేస్తుంది. లేత గడ్డిని ఎండబెట్టి బాయిలరులో వేస్తే నీటి సమస్య తీరినా పొటాష్ సమస్య తీరదు. ముదురు గడ్డిలో పొటాష్ వాటా తక్కువ, కోసి పరచిన గడ్డి మీద ఒక వాన పడితే పొటాష్, క్లోరిన్ మరికొంత కడుక్కుపోతాయి. కొనేవారు బూడిద శాతం అడిగినప్పుడు పొటాష్ ఎంతో కూడా పరీక్ష చేయించుకుంటే తరువాత తగవులుండవు. వానగాలికి పడిపోయిన గడ్డిని మట్టితో సహా ఎత్తితే బూడిద ఇంకా పెరుగుతుందని వేరే చెప్పనక్కర లేదు.

రోజులతో పాటు మొక్కనూ చూడాలి

ఆగస్టులో 60 రోజులకు ఎదిగే గడ్డి డిసెంబర్‌లో 60 రోజులకు ఎదగదు. రాత్రి చలికి నేపియర్ ఎదుగుదల బాగా మందగిస్తుంది. పగలు కురచబడే కాలంలో అది పూత మీదికి పోతుంది కాబట్టి, కాండం పెద్దగా పెరగకుండానే గట్టిపడుతుంది. వేసవిలో తడి అందితే గడ్డి త్వరగా పెరిగి త్వరగానే ముదురుతుంది. తడి అందకపోతే పెరగడమే మానేస్తుంది. మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు బోర్ల కింది చల్క నేలల్లో ఏప్రిల్ నాటికి నీరు తగ్గడం తెలిసిన సంగతే. సాగర్ ఎడమ కాలువ కింద కూడా తడి దొరికేది నీరు వదిలిన నెలల్లోనే. కాబట్టి గ్యాసు కోతకు వానకాలంలో 55–70 రోజులు, చలికాలంలో 75–80 రోజులు పెట్టుకొని, వేసవి కోతను నీటి లభ్యతకు వదిలేయడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

పొలంలో నిలబడి చూసుకోవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. గ్యాసు కోతకు గడ్డి మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉండి, అడుగున రెండు మూడు ఆకులు మాత్రమే ఎండి ఉండాలి. మోకాలి ఎత్తులో కాండాన్ని గోటితో నొక్కితే నొక్కు పడాలి, కొడవలికి తేలికగా తెగాలి. గోరు దిగనంత గట్టిపడితే ఆలస్యమైనట్టే. మంట కోతకు ఇవన్నీ తలకిందులు.

కొలిచే పద్ధతి

అంచనాకన్నా తూకం నమ్మదగినది. రెండడుగుల ఎడంతో నాటిన ఎకరంలో సుమారు 11,000 దుబ్బులుంటాయి. గట్టు వెంట దుబ్బులు ఎండ, గాలి ఎక్కువ తగిలి బలంగా ఉంటాయి కనుక వాటిని వదిలేసి, పొలం లోపల వేర్వేరు చోట్ల పది దుబ్బులు కోసి తూచి, సగటును దుబ్బుల సంఖ్యతో గుణించి, ఖాళీలకు కొంత తీసివేస్తే ఎకరం పచ్చి బరువు తెలుస్తుంది. ఆ పది దుబ్బులనూ ముక్కలు చేసి బాగా కలిపి, అందులోంచి కిలో తీసి, టార్పాలిన్ మీద పలుచగా ఆరబెట్టి, బరువు ఇక తగ్గని దాకా రోజూ తూచాలి. ఎండలో ఆరిన గడ్డిలో కూడా పది శాతం దాకా తేమ మిగులుతుంది కాబట్టి చివరి బరువును 0.9తో గుణించాలి. ముసురు పట్టిన రోజుల్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉన్నవారు 100 గ్రాముల ముక్కలను, పక్కన ఒక కప్పు నీరు పెట్టి, రెండేసి నిమిషాల చొప్పున వేడిచేస్తూ బరువు స్థిరపడే దాకా తూస్తే అదే ఫలితం వస్తుంది. మాడనీయకూడదు, అంతే. పొలంలో ఒక మూలను విడిచిపెట్టి 45, 60, 75, 90 రోజులకు ఇలా తూచి, పొడి బరువును వయసుతో భాగిస్తూ పోతే, పైన చెప్పిన ఊహా లెక్క స్థానంలో సొంత లెక్క తయారవుతుంది.

అమ్మకం ఒప్పందం విషయంలో నేను గట్టిగా చెప్పదలచినది ఒకటే: ధరను పచ్చి టన్నుకు కాకుండా పొడి పదార్థానికి కట్టించుకోవాలి. పచ్చి బరువుకు ధర కడితే రైతు లేతగా, మంచు ఆరకముందే కోయడానికి మొగ్గుతాడు, ప్లాంటు నీటికి డబ్బు చెల్లిస్తుంది, చివరికి ఎవరికో ఒకరికి కడుపుమంట మిగులుతుంది. పది టన్నుల లారీలో 15 శాతం పొడి పదార్థమున్న గడ్డి వేస్తే మోసేది టన్నున్నర గడ్డి, ఎనిమిదిన్నర టన్నుల నీరు. 30 శాతమైతే అదే కిరాయికి రెట్టింపు గడ్డి చేరుతుంది.

కోత వరుస, ఎరువు, విత్తనం

ప్లాంటు రోజూ గడ్డి అడుగుతుంది, పొలం మాత్రం ఒకేసారి ఎదుగుతుంది. నాలుగెకరాల గడ్డిని ఎనిమిది మడులుగా, మడికి 20 గుంటల చొప్పున విడదీసి, వారానికొక మడి కోస్తే ప్రతి మడికీ 56 రోజుల వయసు వస్తుంది. చలికాలంలో వరుసను పది, పదకొండు వారాలకు సాగదీసి, ఆ లోటును పాతర గడ్డితో పూడ్చుకోవచ్చు. రేగడి నేలల్లో వాన పడ్డ వారం ట్రాక్టరు దిగబడుతుంది కాబట్టి, చల్క మడులుంటే వాటిని ఆ వారాలకు అట్టిపెట్టుకోవడం మంచిది.

కొత్తగా నాటిన తోటలో మొదటి కోతను, గ్యాసుకైనా సరే, 75 రోజులకు ముందు తీయకూడదు. వేళ్ళు, మొదళ్ళలో నిలవలు చేరకముందే కోస్తే పిలకలు పలచబడతాయి. తరువాతి కోతల్లో కూడా నెల, నెలన్నరకే మళ్ళీ మళ్ళీ కోస్తూ పోతే దుబ్బు ఆయుష్షు తగ్గుతుంది. నేలకు నాలుగైదు అంగుళాల పైన, పదునైన కొడవలితో, మొదలు చీలకుండా కోయాలి.

లేత కోత నేలను ఎక్కువగా పీల్చేస్తుందన్న సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. మాంసకృత్తులు 10 శాతమున్న టన్ను పొడి గడ్డితో 16 కిలోల నత్రజని పొలం దాటుతుంది. ఇది 35 కిలోల యూరియాకు, అంటే 45 కిలోల బస్తాలో మూడొంతులకు పైగా సమానం. ముదురు గడ్డి టన్నుతో పోయేది అందులో సగమే. గ్యాసు ప్లాంటుకు అమ్మేవారు స్లర్రీ (గ్యాసు తీశాక మిగిలే చిక్కని ద్రవం) తిరిగి ఇవ్వాలన్న షరతును ఒప్పందంలోనే రాయించుకుంటే నత్రజనితో పాటు పొటాష్‌లో కూడా చాలా భాగం మళ్ళీ పొలానికి చేరుతుంది. ఏడాదికొకసారి పాలెం పరిశోధన స్థానంలోనో, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలోనో మట్టి పరీక్ష గురించి విచారించి, ఎరువు మోతాదును సరిచూసుకోవాలి. బాయిలరుకు అమ్మేవారికి స్లర్రీ రాదు కనుక వారు పశువుల ఎరువుకు వేరే దారి చూసుకోవాలి.

హైబ్రిడ్ నేపియర్‌కు పనికివచ్చే గింజ పట్టదు, కాడ ముక్కలే విత్తనం. 60 రోజుల గడ్డి కాడలు లేతగా ఉండి భూమిలో కుళ్ళిపోతాయి. విస్తరించే ఆలోచన ఉన్నవారు రెండు గుంటల గడ్డిని కోత వరుస నుంచి తప్పించి మూడు నెలలు దాటనిచ్చి, కాండం నడిమి భాగం నుంచి రెండేసి కణుపుల ముక్కలు తీసి, ఒక కణుపు మట్టిలోకి పోయేలా బోదె పక్కన ఏటవాలుగా నాటుకోవాలి. ముక్కలు కోసిన రోజునో, మరుసటి రోజునో నాటితేనే మొలక బాగుంటుంది.